చెర్రీ పేరుతో అమ్ముడవుతున్న వాక్కాయ

సంపాదకులకు నమస్కారం.

బ్లూబెర్రీల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. వాటికి ఆ నీలాన్నిచ్చే ఆంథోసయనిన్ల గురించి వివరంగా రాశారు. ఆ రకం రంగు పదార్థాలే మన వాక్కాయలోనూ ఉన్నాయన్న ఒక్క ముక్క మాత్రం లేదు. వందల రూపాయలు పోసి చిన్న డబ్బా కొనలేని ఇళ్లకు అవసరమైన కబురు అదే కదా!

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వానాకాలంలో పిల్లల చేత పండిన వాక్కాయలు నలిపించి, రసాన్ని రెండు గ్లాసుల్లో పోయించేదాన్ని. నిమ్మరసం పిండితే ఎర్రబడేది, వంటసోడా వేస్తే నీలంలోకో పచ్చలోకో తిరిగేది. ఆంథోసయనిన్ల గుణమే అది. కాయ పండేకొద్దీ గులాబీ ఛాయ పోయి నల్లటి ఊదా రావడం కూడా తొక్కలో అవి పెరగడం వల్లే.

నా బాధల్లా బేకరీల సంగతి. కేకుల మీద ఎర్రగా మెరిసే చెర్రీల్లో చాలామటుకు వాక్కాయలే. గంధకపు రసాయనాలు కలిపిన ఉప్పునీళ్లలో ఊరబెట్టి కాయను తెల్లగా చేస్తారు. గింజలు తీసి, కడిగి, పంచదార పాకం పట్టి, ఎరిత్రోసిన్ లాంటి కృత్రిమ రంగు వేస్తారు. ఆంథోసయనిన్లు నీళ్లలో కరుగుతాయి, గంధకానికి వెలిసిపోతాయి. ఇక మిగిలేదేముంది? ఆ ఎరిత్రోసిన్‌కు ఆహారంలో ఉన్న అనుమతిని అమెరికా 2025 జనవరిలో రద్దు చేసింది. మన దగ్గర పరిమితికి లోబడి వాడుకోవచ్చు.

వాక్కాయ మందని నేననడం లేదు. షుగర్ తగ్గిపోతుందని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మవద్దు. తిన్న ఆంథోసయనిన్లలో ఉన్నవి ఉన్నట్టు రక్తంలోకి చేరేవి చాలా తక్కువ. మిగతావాటిని పెద్దపేగులో బ్యాక్టీరియా విడగొడుతుంది. అలా పుట్టే పదార్థాలు చేసే మేలు మీద పరిశోధనలు ఇంకా సాగుతున్నాయి. ఉడికిస్తే కొంత నష్టం కూడా ఉంది. అయినా చింతపండు బదులు పప్పులో నాలుగు పండు వాక్కాయలు వేసుకుంటే రంగు నీళ్లలో పారబోయాల్సిన పని లేదు, పప్పులోకే దిగుతుంది.

ముళ్ల చెట్టు కాబట్టి పూర్వం పొలం గట్లకు వాక్కాయే కంచె. ఇనుప తీగ వచ్చి దాన్ని పీకించింది. ఉద్యానశాఖ రైతులకు ఆ మొక్కలు మళ్లీ ఇవ్వాలి. బేకరీ ప్యాకెట్ల మీద వాక్కాయ అనీ, వేసిన రంగు పేరూ తెలుగులో, కంటికి ఆనేంత అక్షరాలతో ఉండాలి. మీ విలేకరులు ఈ రెండు విషయాలూ అధికారులను అడిగి రాయాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి