ఉత్తరంలో రాయని మాటలు

సంపాదకులకు నమస్కారం.

ప్రతి డిసెంబర్ 16న మీ పత్రికలో అదే ఫొటో వస్తుంది. 1971 బంగ్లాదేశ్ యుద్ధం చివర, ఢాకా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్తాన్ జనరల్ నియాజీ బల్ల మీద వంగి సంతకం పెడుతుంటాడు, పక్కన మన జనరల్ అరోరా కూర్చుని ఉంటాడు. కింద 93 వేల మంది లొంగిపోయారని ఒక వాక్యం. వేయొద్దని అనను. కానీ ఆ మైదానం దాకా దారి చేసినవాళ్లలో మా పరకాల, రేగొండ వైపు మనుషులు కూడా ఉన్నారు. వాళ్ల ముఖం ఒక్కసారి కూడా మీ పత్రికలో చూసిన గుర్తు లేదు నాకు.

నేను పోస్ట్‌మ్యాన్‌గా రిటైరయ్యాను. మా నాయనదీ అదే పని. 1971లో నాకు పదమూడేళ్లు. నాయన పైన అడ్రసు చదివేవాడు గానీ చత్వారం వల్ల లోపలి గొలుసుకట్టు రాత ఆయనకు ఆనేది కాదు. బడి లేని రోజు నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకొని పోయేవాడు. చదువు రాని తల్లులకు ఉత్తరం చదివి పెట్టడం నా డ్యూటీ. మా బీటులో ఐదు ఇండ్లు ఫౌజీలవి. వాళ్ల ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు. 56 ఏపీఓ అనో, 99 ఏపీఓ అనో ఉంటుంది. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. ముద్రలో కూడా నంబరే. "గీ 99 యాడుంటది బిడ్డా? హైదరాబాద్ కంటె అవుతలనా?" అని ఒక తల్లి నన్ను ప్రతిసారీ అడిగేది. నాకేం తెలుసు! అవుతలనే అని చెప్పేవాడిని.

ఉత్తరంలో ఉండేదేమిటంటే, నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను, వానలు పడ్డాయా, ఎద్దు కాలు నయమైందా, చెల్లె పెండ్లి మాటలు ఎక్కడిదాకా వచ్చాయి. అంతే. ఆ నవంబర్‌లో ఉత్తరాల మీద 5 పైసల శరణార్థుల సహాయం స్టాంపు అదనంగా అంటించాలన్నారు. తూర్పు బెంగాల్ నుంచి కోటి మంది దాకా మన దేశంలోకి వచ్చారు కదా, వాళ్ల కోసం. జనం నాయనతో ఆ 5 పైసల కోసం కొట్లాడేవారు. యుద్ధం మా ఊరికి మొదట అట్లా వచ్చింది. డిసెంబర్ 3 తర్వాత ఉత్తరాలే ఆగిపోయాయి.

మూడేళ్ల కింద రేగొండలో ఒక పెండ్లికి పోతే, భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆ ఐదు ఇండ్లలో ఒక ఇంటివాడని తెలిసింది. 69 తెలంగాణ ఉద్యమంలో బడులు బందై ఏడాది చదువు పోతే, ఊళ్లో ఉండి ఏం చేయాలని భర్తీకి పోయాడట. తోపుల దళంలో గన్నర్. ఆకులో పెరుగన్నం అట్లనే పెట్టుకొని మేఘనా నది దాటిన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఆశుగంజ్ దగ్గరి రైలు వంతెనను పాకిస్తాన్ వాళ్లు వెనక్కి పోతూ పేల్చేశారు. కొంతమందిని హెలికాప్టర్లలో అవతల దింపారు. వీళ్ల వంతు వచ్చేసరికి జాలరుల నావలే దిక్కు.

"అది ఏరు అనుకున్నవా? ఏటూరునాగారం గోదారిని నాలుగింతలు చెయ్యి. అవుతలి గడ్డ కనపడదు. గుండ్ల పెట్టెలు ఆ ఊరోళ్లే మోసిండ్రు, మేడారంల బంగారం మోసినట్టు నెత్తిన పెట్టుకొని. ఒక ముసలామె నా చేతుల అటుకులు, బెల్లం పోసింది. ఆమె మాట నాకు తెల్వది, నా మాట ఆమెకు తెల్వది."

మరి ఇదేదీ ఉత్తరంలో లేదే అన్నాను. "రాస్తే సెన్సారోళ్లు కొట్టేస్తరు. ఇంటికొచ్చినంక ఎవలడిగిండ్రు? నువ్వే అడిగినవ్" అన్నాడు. యాభై ఏళ్ల తర్వాత, అదీ పెండ్లి భోజనం దగ్గర.

అప్పటినుంచి మా మనవడి పాత ఫోన్ పట్టుకొని తిరుగుతున్నాను. ఇప్పటిదాకా పదకొండు మంది మాటలు రికార్డు చేశాను. అందులో ఒకాయన మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజినీర్ల దళంలో పనిచేశాడు. పడమటి సరిహద్దులో, షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర మందుపాతరల్లోంచి మన ట్యాంకులకు దారి తీసిన పని వీళ్లది. రాత్రిపూట బోర్లా పడుకొని, సన్నటి చువ్వతో మట్టిని పొడుచుకుంటూ, సాఫు చేసిన చోట తెల్ల పట్టీ పరుచుకుంటూ పోవాలి. చలికి వేళ్లు తిమ్మిరెక్కి చువ్వ కొసకు తగిలింది రాయో, ఇనుమో తెలిసేది కాదట. యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది. పాతినవాటిని ఎత్తే పని తనకు ఎండాకాలం దాకా ఉందన్నాడు.

ఆయన చెప్పడం అయిపోయాక భార్య లోపలి నుంచి ఒక రేకు పెట్టె తెచ్చింది. అత్తగారు దాచిన ఉత్తరాలు. డిసెంబర్ 20 తారీఖు వేసిన దాన్ని తీసి చూశాను. "ఇక్కడ చలి బాగా ఉన్నది. స్వెటర్ ఇచ్చినారు. బాపును పొద్దున చన్నీళ్లు పోసుకోవద్దని చెప్పండి." ఆ ఉత్తరాన్ని వాళ్ల అమ్మకు చదివి వినిపించింది నేనే. స్వెటర్ మాట వినగానే ఆమె నవ్వింది కూడా.

ఐదు ఇండ్లలో ఒక ఇంటికి ఉత్తరం కాదు, తంతి వచ్చింది. నాయన ఏ వాకిట్లోకి పోయినా సైకిల్ బెల్లు కొట్టేవాడు. ఆ రోజు కొట్టలేదు. ఆ తల్లి ఎప్పుడో పోయింది. చెల్లె ఒకామె ములుగు దగ్గర ఉందని విన్నాను, ఇంకా పోలేదు. పోవాలంటే ధైర్యం చాలడం లేదు.

ఈ పని చేస్తూ కొంత నేర్చుకున్నాను. మొదట్లో భయం వేయలేదా, ఎంతమందిని కాల్చారు అని అడిగేవాడిని. అట్లా అడిగితే వాళ్లు సినిమా డైలాగులు చెప్తారు, లేదా మూగబోతారు. బూట్లు సరిపోయేవా, ఏం తిన్నారు, పక్క బంకర్‌లో ఉన్నది ఏ ఊరివాడు అని అడగాలి. కొడుకులను, మనవలను కాస్త బయటికి పంపాలి, లేకుంటే తాత తరఫున వాళ్లే జవాబులు చెప్తారు. మన యాసను దిద్దకుండా విన్నది విన్నట్టు రాయాలి. ఎక్కడెక్కడ పనిచేశాడో రాసి సైన్యం ఇచ్చే డిశ్చార్జ్ బుక్కు పక్కన పెట్టుకోవాలి. ఒకాయన ఢాకాలో సంతకాలు కళ్లారా చూశానన్నాడు. ఆయన బుక్కు చూస్తే ఆ నెలంతా పంజాబ్‌లో ఉన్నాడు. అబద్ధం కాదండి. రేడియోలో విని, తర్వాత మీ ఫొటో యాభై సార్లు చూసి చూసి, తానూ అక్కడున్నట్టే అయిపోయింది ఆయనకు. రెండూ రాసి పెట్టాను.

ఇది ఒక్కడితో అయ్యే పని కాదు. 71లో ఇరవై ఏళ్ల జవాను ఇప్పుడు డెబ్బై అయిదు దగ్గర ఉన్నాడు. 62లో చైనా దాడిని చూసినవాళ్లకు ఎనభై దాటింది. మాజీ సైనికుల జాబితా కోసం ఒక ఆఫీసుకు మూడుసార్లు పోయాను. పైనుంచి ఆర్డర్ కావాలన్నారు. నాలుగోసారి పోలేదు, ఎందుకంటే ఏ ఇంట్లో ఫౌజీ ఉన్నాడో ఆ ఆఫీసు కంటే పోస్ట్‌మ్యాన్లకే బాగా తెలుసు. మండలానికి ఒక పోస్ట్‌మ్యాన్‌ను అడగండి, చెప్తారు.

బ్రిటన్‌లో రెండో ప్రపంచయుద్ధం చూసిన మామూలు జనాన్ని మీ జ్ఞాపకాలు చెప్పండని బీబీసీ 2003 నుంచి మూడేళ్లు అడిగితే 47 వేల కథలు వచ్చాయి. 1944లో నార్మండీ తీరంలో దిగిన జవానుకు ఆ రోజు సముద్రం నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో కూడా అక్కడ ఎవరో అడిగి రాసుకున్నారు. మన దగ్గర విశాఖ బీచ్‌లో విజయ స్మారకం ఉంది, కురుసురా సబ్‌మెరైన్ ఉంది, సంతోషమే. వరంగల్ వైపు సముద్రం లేదు, జ్ఞాపకాలైనా దాచుకోవచ్చు కదా. హన్మకొండలో 1904 నుంచి రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది. అందులో ఒక అల్మారా చాలు. డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చదివే పిల్లల దగ్గర నా ఫోన్ కంటే మంచి ఫోన్లు ఉన్నాయి. మీరు జిల్లా పేజీలో ఆదివారం అర కాలమ్ ఇస్తే, ఆ పదకొండు మంది మాటలతోనే మొదలుపెట్టొచ్చు.

పన్నెండో ఆయన శాయంపేట దగ్గర. దీపావళి అయినంక రమ్మన్నాడు. పోయేసరికి దినం అయిపోయి రెండు రోజులు. కొడుకు పాపం చాయ్ ఇచ్చి, "మా బాపు మిల్ట్రీల ఏం జేసిండో మాకు తెల్వదు సార్, మీకేమన్నా చెప్పిండా?" అని నన్నే అడిగాడు.

మీ పాఠకుల ఇండ్లలో ఫౌజీ ఎవరైనా ఉంటే పత్రిక ఆఫీసుకు ఒక కార్డు రాయమనండి. ఆ కార్డు మీరు నాకు పంపితే చాలు. వరంగల్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో ఎక్కడికైనా వస్తాను. మోపెడ్ ఉంది. డిశ్చార్జ్ బుక్కు, పాత ఉత్తరాలు ఉంటే తీసి పెట్టమనండి. ఉత్తరాలు చదవడానికి ఇబ్బందైతే నేను చదివి పెడతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్,
పరకాల