నార్త్ కోస్ట్ 500 ట్రిప్: అందరూ ఒకసారి చదవండి

అందరికీ నమస్తే. స్కాట్లాండ్ ట్రిప్ మే నెలలోనే పెట్టుకుందాం. నడివేసవిలో మిడ్జీలనే దోమల్లాంటి సన్న కుట్టే పురుగులు ముసురుతాయి, పిల్లలు కారు దిగలేరు. నార్త్ కోస్ట్ 500 అంటే స్కాట్లాండ్ ఉత్తర తీరాన్ని చుట్టే రోడ్డు దారి. ఇన్వర్నెస్ ఊళ్లో బయల్దేరి చుట్టి మళ్లీ అక్కడికే రావాలి, మొత్తం 516 మైళ్లు. నాలుగు రోజులు చాలంటున్నారు గానీ, దయచేసి వారం పెట్టండి.

పడమటి వైపు చాలాచోట్ల ఒక్క కారు పట్టే రోడ్డే. ఎదురుగా బండి వస్తే, పాసింగ్ ప్లేస్ (బండ్లు తప్పుకోడానికి రోడ్డు పక్కన వెడల్పు చేసిన చోటు) మన ఎడమన ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడివైపు ఉంటే దాని ఎదురుగా, మన వైపే ఆగాలి. అందులో పార్కింగ్ మాత్రం వద్దు.

ఆపిల్‌క్రాస్ ఊరికి పోయే దారిలో బ్యాలక్ నా బా కనుమ 626 మీటర్ల ఎత్తు, మెలికల రోడ్డు. పోయినసారి అక్కడ మబ్బు కమ్మేసి బానెట్ అవతల ఏమీ కనబడలేదు. అమ్మ సీటు బెల్టు గట్టిగా పట్టుకుని పైకెక్కేదాకా మాట్లాడలేదు. వాతావరణం బాగోకపోతే తీరం వెంట చుట్టుదారిన పోదాం.

డర్నెస్ ఊళ్లో స్మూ గుహ తప్పకుండా చూడాలి, లోపల జలపాతం ఉంది. పెట్రోలు సగానికి తగ్గనివ్వకండి. మొదటి రోజుకి పులిహోర నేను తెస్తాను. గదులు త్వరగా అయిపోతాయి, ఆదివారంలోగా ఎవరెవరు వస్తున్నారో చెప్పండి.