ఒక ఎలుగుబంటిని బెదిరిస్తే అయిదూ పారిపోయాయి

సంపాదకులు గారికి నమస్కారములు.

పిల్లలకు గేముల తయారీ నేర్పుతున్న ఉపాధ్యాయులకూ, విద్యార్థుల కోసం కంప్యూటర్ పాఠాలు ప్రచురించే మీవంటి పత్రికలకూ ఒక విన్నపం. స్క్రిప్టు రాయడంలో విలువ ఏది, రిఫరెన్సు (వస్తువు ఉన్న చోటును చూపే చిరునామా) ఏది అన్న తేడాను, పిల్లలు మొదటి గేము మొదలుపెట్టకముందే చెప్పండి.

పలాసలో సాయంత్రాలు నా దగ్గర నేర్చుకుంటున్న తొమ్మిదో తరగతి అమ్మాయి, ఉద్దానం జీడితోటలోకి దిగిన ఎలుగుబంట్లను డప్పు కొట్టి తోలే గేమును గేములు తయారు చేసే గోడో ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారు చేసింది. ఒక్కో ఎలుగుబంటికి ధైర్యం 3. దగ్గరలో డప్పు మోగినప్పుడల్లా ఒకటి తగ్గాలి, సున్నాకు చేరితే అది కొండవైపు పారిపోవాలి. తీరా ఆడి చూస్తే, తోట ఈ చివరనున్న ఒక్కదాని దగ్గర మూడుసార్లు డప్పు కొట్టేసరికి అయిదూ ఒక్కసారే పరుగందుకున్నాయి. పాపం, తీసివేత ఎక్కడో తప్పి ఉంటుందని ఆ పిల్ల రెండు రోజులు వెతికింది. తీసివేత సరిగ్గానే ఉంది.

ధైర్యం, దొంగిలించిన పళ్ల జాబితా కలిపి ఒక డిక్షనరీని (పేరు, దాని విలువ జతలుగా ఉండే పట్టికను) నమూనాగా రాసుకుని, ప్రతి ఎలుగుబంటికీ దానినే సమానం గుర్తుతో అప్పగించడమే అసలు పొరపాటు. "మరి బయలుదేరే చోటు కూడా అలాగే ఇచ్చాను కదా సార్, అవి వేటికవే నడుస్తున్నాయి కదా?" అని ఆమె అడిగింది. ఇంతకన్నా మంచి ప్రశ్న నేను ఈ మధ్య వినలేదు. గోడోలో వాడే జీడీస్క్రిప్టు భాషలో చోటును తెలిపే వెక్టర్2 ఒక విలువ కనుక, సమానం గుర్తు పెట్టగానే దానికి కొత్త నకలు తయారవుతుంది. డిక్షనరీ, అర్రే (వరుస జాబితా) అలా కావు. అక్కడ చేతికందేది వస్తువు కాదు, దాని చిరునామా. చిరునామా రాసిన చీటీకి అయిదు జిరాక్సులు తీసినంత మాత్రాన అయిదు ఇళ్లు లేవవు. ఏ చీటీ పట్టుకుని వెళ్లినా చేరేది ఆ ఒక్క గుమ్మానికే.

వేరియబుల్ అంటే ఒక డబ్బా అని మనం చెప్పే పాఠం సంఖ్యల దగ్గర బాగానే నడుస్తుంది, డిక్షనరీ దగ్గరకు వచ్చేసరికి పిల్లలను దారి తప్పిస్తుంది. నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను, అందుకు బాధపడుతున్నాను.

డూప్లికేట్ అనే పిలుపు వాడి, ఒక్కో ఎలుగుబంటికి ఒక్కో నకలు ఇచ్చాక ధైర్యం వేరుపడింది కానీ, ఒకటి పనసపండు ఎత్తుకెళితే అయిదింటి జాబితాల్లోనూ పండు కనిపించింది. పై నకలు తీసినప్పుడు లోపలి జాబితాకు మళ్లీ చీటీయే వెళ్లింది. ఆ పిలుపుకు ట్రూ అని జోడించి లోపలిదాకా నకలు తీస్తేనే పని పూర్తయింది.

ఇది ఒక్క గోడోకే చెందిన సంగతి కాదు. రోబ్లాక్స్‌లో వాడే లువావు భాషలో డిక్షనరీ, అర్రేల పని చేసే టేబుల్ కూడా ఇలాగే పంచుకోబడుతుంది. యూనిటీలోని సీషార్ప్ భాషలో క్లాసుతో చేసిన వస్తువు రిఫరెన్సు, స్ట్రక్టుతో చేసినది విలువ. అక్కడ పొజిషన్ (వస్తువు ఉన్న చోటు) ఒక స్ట్రక్టు, అడిగితే నకలే వస్తుంది కనుక, దానిలోని ఎక్స్‌ను నేరుగా మార్చబోతే కోడును సరిచూసే కంపైలర్ ఒప్పుకోదు. ఈ తేడా తెలియని పిల్లవాడికి తప్పు ఉందని చూపే ఆ ఎర్రగీత అర్థం లేని మొండితనంగా తోస్తుంది.

పంచుకోవడం దోషమని మాత్రం పిల్లలకు నూరిపోయకూడదు. ఎలుగుబంటి బొమ్మ మెమరీలో ఒక్కటే ఉండి అయిదూ దానినే చూపడం మంచిదే, ఆటగాళ్లందరూ చూసే స్కోరు పట్టిక ఒక్కటే ఉండి తీరాలి. ఏది పంచుకోవాలో, ఏది విడదీయాలో ఆ పిల్లలే తేల్చుకోగలగాలి.

పాఠ్యపుస్తకాలలో డబ్బా బొమ్మ పక్కన చీటీ బొమ్మ కూడా వేయించాలని కోరుతున్నాను. ఈ పాఠాన్ని తెలుగులో మీ పత్రికలో ప్రచురించదలిస్తే, బొమ్మలతో సహా రాసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ ఉపాధ్యాయుడు,
పలాస, శ్రీకాకుళం జిల్లా.