ఫిర్యాదు: తెలుగు ప్రేమపాటల్లో ఉచ్చారణ, పల్లవి–చరణాల లోపాలు

కస్టమర్ సపోర్ట్ విభాగానికి,

నెలవారీ ప్లాన్ తీసుకుని, పాటలు కట్టి పాడే మీ ఏఐ యాప్‌లో తెలుగు మెలోడీలు చేయిస్తున్నాం. స్టైల్ బాక్సులో మేమిచ్చే ప్రాంప్టు (పాట ఎలా ఉండాలో చెప్పే సూచన) ఇది: "తెలుగు సినిమా మెలోడీ, నిమిషానికి 80 బీట్లు, తిశ్రగతి, మృదువైన ఆడ గొంతు, వేణువు, వీణ, తబలా" (తిశ్రగతి అంటే ఒక్కో బీటు మూడు భాగాలుగా సాగే నడక). "డ్రమ్స్ వద్దు" అని అక్కడే రాస్తే డ్రమ్సే ముందు మోగుతున్నాయి కాబట్టి, దాన్ని మినహాయింపుల బాక్సులో పెడుతున్నాం. ఇంతవరకూ పేచీ లేదు.

పేచీ అంతా సాహిత్యం దగ్గరే. "నీ కళ్ళు" అని తెలుగు లిపిలోనే రాసిస్తే "నీ కల్లు" అని పాడుతోంది. ప్రియురాలి కళ్ళను పొగిడే పాట కాస్తా కల్లు దుకాణం పాటయింది! "వేళ" "వేల" అవుతోంది, "వేణువు" "వేనువు" అవుతోంది. "మనసు"లో మొదటి అక్షరం లఘువు. దాని మీద పొడుగు స్వరం వేసేసరికి "మానసు" అని వినిపిస్తోంది. "కళ్ళు" తీసేసి "కనులు" అని రాసి ఎలాగో నెట్టుకొస్తున్నాం గానీ, మీ యాప్‌కు నోరు తిరిగే మాటలతోనే పాటలు రాయమంటే ఎలా?

రెండోది నిర్మాణం. బ్రాకెట్లలో "పల్లవి" అని రాస్తే ఆ మాటను కూడా పాడేస్తోంది. పోనీ "కోరస్" అని పెడితే గొంతు పెంచి, వెనక బృందగానం కలుపుతోంది. ప్రేమపాట పల్లవి చెవిలో ఊసు చెప్పినట్టుండాలి, హోరెత్తకూడదు. తర్వాత బీజీఎం (మధ్యలో వచ్చే వాద్య సంగీతం), ఆపైన చరణం. చరణం చివరి పాదం పల్లవి ఎత్తుగడను అందుకోవాలి. మీ యాప్ ఆ పాదాన్ని తెగ్గొట్టి, అర సెకను ఆగి, కొత్త పాటలా పల్లవి మొదలెడుతోంది. బీజీఎంకు చోటిమ్మని అడిగినా రెండు బార్లలో (తాళం రెండు చుట్లలో) ముగించేస్తోంది.

ఒక్క మాట సరిచేయాలన్నా పాట మొత్తం మళ్ళీ చేయించాలి. క్రెడిట్లు (పాట చేయించినప్పుడల్లా మీరు కోసే పాయింట్లు) పోతాయి, నచ్చిన గొంతు, బాణీ కూడా పోతాయి. అన్నిటికన్నా ఒళ్ళు మండేది ఇదే.

కాబట్టి ళ, ణ, హ్రస్వదీర్ఘాలు సరిచేయండి. పల్లవి, చరణం, బీజీఎం ట్యాగులు గుర్తించేలా చేయండి. ఒక్క పాదాన్నే అదే గొంతుతో, అదే బాణీలో తిరిగి పాడించే వీలివ్వండి. ఉచ్చారణ తప్పులకు కోసిన క్రెడిట్లు మా ఖాతాలో జమ చేయండి. తప్పున్న పాటల లింకులు, వాటి ప్రాంప్టులు ఈ లేఖకు జతచేశాం.

ఇట్లు,
మీ చందాదారులు