లిఫ్ట్ చేసిన పికప్‌కి టైరు రాపిడి పోయింది: సాయం చేసినవాళ్ళందరికీ కృతజ్ఞతలు

ముందు అసలు కబురు చెప్పేస్తాను. రోడ్డు మీద బండి ఇప్పుడు ఏ చప్పుడూ లేకుండా తిరుగుతోంది. స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పినా, తిప్పి బ్రేక్ నొక్కినా, రివర్స్‌లో మలిపినా ముందు టైర్లు దేనికీ తగలడం లేదు. బాడీ మౌంట్ (క్యాబిన్‌ని ఛాసిస్‌కి కలిపే ఆసరా) కోయలేదు, ఫెండర్ (చక్రం మీది రేకు) కోయలేదు, కొత్త టైర్లు అమ్ముకోలేదు. ఇందులో నా ఘనత పెద్దగా ఏమీ లేదు. ఎవరు ఏం చేశారో విడివిడిగా రాస్తేనే కృతజ్ఞత చెప్పినట్టు ఉంటుందని కూర్చుని రాస్తున్నాను. ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్ళకి పనికొస్తే ఇంకా మంచిది.

బండి వివరాలు క్లుప్తంగా. ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే సస్పెన్షన్, వెనక కమాను పట్టీలు. స్ప్రింగులు, షాకులు, ముందు పై కంట్రోల్ ఆర్మ్‌లు (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చేతులు) మార్చి, బండి ఎత్తు రెండు అంగుళాలు పెంచే లిఫ్ట్ చేయించాను. టైర్లు 265/70 ఆర్17 తీసేసి, వెడల్పూ ఎత్తూ అంతకంటే ఎక్కువున్న 285/70 ఆర్17 వేయించాను. అల్లాయ్ వీల్స్ మాత్రం బండి నా చేతికి వచ్చేనాటికే ఉన్నాయి, పాత ఓనరు వేయించుకున్నవి. లిఫ్ట్ చేసిన షాపువాళ్ళు, ఎత్తు పెరిగింది కాబట్టి ఈ సైజు హాయిగా పడుతుందన్నారు. పడలేదు. యూ టర్న్ తీసుకున్నప్పుడల్లా గరగరమని చప్పుడు. తిరిగి తీసుకెళ్తే బాడీ మౌంట్ కోసి ప్లేటు వెల్డింగ్ చేసేద్దాం అన్నారు, అదేదో గోరు తీసినంత తేలిగ్గా. క్యాబిన్ బరువు ఛాసిస్ మీద ఆనేది ఆ మౌంట్ల మీదే కదా! టెన్షన్ పట్టుకుని, తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ అడగడం మొదలుపెట్టాను.

మొట్టమొదటి నమస్కారం పెద్దాయనకి. జీవితమంతా సస్పెన్షన్ పని చేసి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న మనిషి. మిగతా అందరూ "ఇది కొను, అది కోయి" అంటుంటే ఆయన మాత్రం ప్రశ్నలు వేశారు. "రాసుకుంటోంది అంటే నాకేం తెలుస్తుంది బాబూ? ఏ టైరు, దేనికి తగులుతోంది, ఎప్పుడు తగులుతోంది, టైరులో ఏ భాగం తగులుతోంది, అవి చూసి చెప్పు" అన్నారు. చూడ్డానికి ఉపాయం కూడా ఆయనే చెప్పారు. టైరు భుజం మీద, పక్కగోడ మీద సుద్దతో మందంగా గీసి, ఖాళీ స్థలంలో మెల్లగా ఫుల్ స్టీరింగ్‌తో తిరగమన్నారు. ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి, బ్రేక్ తొక్కుతూ ఒకసారి. తర్వాత దిగి, సుద్ద ఎక్కడ చెరిగిందో, లోపల ఎక్కడ అంటుకుందో చూడాలి.

చూస్తే ఒకే చప్పుడు అనుకున్నది రెండు చోట్ల నుంచి వస్తోంది. ఎడమకి తిప్పితే ఎడమ టైరు, కుడికి తిప్పితే కుడి టైరు వెనకున్న బాడీ మౌంట్‌కి గట్టిగా తగులుతున్నాయి. ముందుకి వెళ్తూ బ్రేక్ నొక్కితే ఇంకా ఎక్కువ. స్పీడ్ బ్రేకర్ మీద కాస్త తిప్పి ఎక్కించినప్పుడు వచ్చేది వేరే: అది ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి పైభాగంలో, వెనక వైపు తగులుతోంది. అదృష్టం ఏమిటంటే రెండు చోట్లా తగిలేది ట్రెడ్ (రోడ్డుని తాకే భాగం) అంచే, పక్కగోడ కాదు. పక్కగోడ అయి, లోపలి దారాలు కనిపించేదాకా అరిగి ఉంటే ఆ టైరు మీద బండి నడపకూడదని ఆయన గట్టిగానే చెప్పారు.

బ్రేక్ నొక్కితే ఎందుకు పెరుగుతోందని అడిగాను. ముందుకి పోయే బండిలో బ్రేక్ వేస్తే రోడ్డు చక్రాన్ని వెనక్కి నెడుతుంది, ఆర్మ్‌ల బుష్ రబ్బర్లు ఆ మేరకు లొంగుతాయి, టైరు మౌంట్ వైపు జరుగుతుంది అన్నారు. ఆ ఒక్క జవాబుతో నాకు అర్థమైంది, ఇక్కడ లెక్క అంగుళాల్లో కాదు, మిల్లీమీటర్లలో ఉందని.

లిఫ్ట్ గురించి ఆయన చెప్పిన ఇంకో మాట ఇలాంటి పనులు చేసే ప్రతి షాపులోనూ బోర్డు రాసి పెట్టాల్సింది. లిఫ్ట్ వల్ల బండి నిలబడి ఉన్నప్పుడు టైరుకీ ఫెండర్‌కీ మధ్య సందు పెరుగుతుంది. కానీ గుంతలో పడి చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు ఆర్మ్‌ని ఆపేది బంప్ స్టాప్ రబ్బరు. అది పాత చోటనే ఉంది. అంటే చక్రం పైకి వెళ్ళే ఆఖరి హద్దు మారలేదు. పాత టైరు ఎంత పైకి వెళ్ళేదో కొత్త టైరు ఇరుసూ అంతే పైకి వెళ్తుంది, దాని చుట్టూ ఉన్న టైరు మాత్రం పెద్దది. లెక్క వేస్తే పాత టైరు వ్యాసం సుమారు 803 మిల్లీమీటర్లు, కొత్తది 831. అంటే ఇరుసు నుంచి అన్ని వైపులకీ 14 మిల్లీమీటర్లు ఎక్కువ. వెడల్పులో లోపలికి 10, బయటికి 10. ఆ చోటు ఎక్కడి నుంచి రావాలి?

ఇక వీల్స్. నా వీల్స్ విప్పి వెనక చూడమన్నారు. కంపెనీ వీల్ ఆఫ్‌సెట్ (వీల్ వెడల్పు మధ్య గీత నుంచి బోల్టులు బిగించే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో చెప్పే అంకె) 30, నా దాని మీద సున్నా అని ఉంది. వెడల్పు రెంటికీ ఒకటే. అంటే చక్రం మొత్తం 30 మిల్లీమీటర్లు బయటికి వచ్చి కూర్చుంది. బయటికి వస్తే చూడ్డానికి బలంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తన మధ్యలో తిరగదు, లోపల దాన్ని పై ఆర్మ్‌కీ కింది ఆర్మ్‌కీ కలిపే కీళ్ళున్నాయి కదా, ఆ రెండు బాల్ జాయింట్ల గీత చుట్టూ తిరుగుతుంది. ఆ గీతకి ఎంత దూరంగా ఉంటే అంత పెద్ద చాపం గీస్తుంది. మలుపు లోపలి వైపున్న చక్రం అలా తిరుగుతూ వెనక్కి కూడా జరిగి మౌంట్‌ని గుద్దుతుంది. నాకు జరిగింది అచ్చంగా అదే.

అర్థం కావడం ఒక ఎత్తు, రుజువు చూడటం ఇంకో ఎత్తు. ఇక్కడ రెండో నమస్కారం. నా మోడల్ బండే ఉన్న ఒక తమ్ముడు, తన దగ్గర కంపెనీ వీల్స్ మీద ఇదే సైజు టైర్లు ఉన్నాయని, పరీక్షించి చూసుకోమని నాలుగూ తెచ్చి ఇచ్చాడు. అంతకుముందు మా ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు. తానే జాకీ పెట్టి, నట్లు టార్క్ రెంచ్‌తో బిగించి, కొంత దూరం నడిచాక మళ్ళీ బిగించాలని ఒకటికి రెండుసార్లు గుర్తుచేసి వెళ్ళాడు. చక్రం లోపలికి వస్తే పై ఆర్మ్‌కి తగులుతుందేమోనని నాకు అనుమానం. టార్చి వేసి చూశాం, వేలు దూరేంత సందు ఉంది. మళ్ళీ సుద్ద, మళ్ళీ అదే తిరుగుడు. మౌంట్ దగ్గర రాపిడి దాదాపు పోయింది, బ్రేక్ నొక్కినప్పుడు మాత్రం సన్నగా ఒక గీత పడింది. తర్వాత నేను కంపెనీ వీల్స్ సెట్టు ఒకటి సంపాదించుకుని అతనివి అతనికి చేర్చాను. తమ్ముడూ, నువ్వు వద్దన్నా ఈ మాట అందరి ముందూ చెప్తున్నాను: నువ్వు ఆ రోజు రాకపోతే నా బండి మౌంట్ ఈపాటికి తెగి ఉండేది.

మిగిలిన ఆ గీతని తీసేసింది అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేసే పని) చేసిన మేడమ్. ఈ భాగం కొంచెం పొడుగ్గా రాస్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పరు. లిఫ్ట్ అయ్యాక మొదటి షాపులోనూ అలైన్‌మెంట్ చేశారు, కాగితం మీద అంకెలన్నీ పచ్చగానే ఉన్నాయి. క్యాస్టర్ అంటే పై బాల్ జాయింట్, కింది బాల్ జాయింట్ కలిపే గీత పక్క నుంచి చూస్తే వెనక్కి వాలిన కోణం. ఆ కోణం తేవడానికి రెండు దారులు: పైదాన్ని వెనక్కి లాగడం, లేదా కిందిదాన్ని ముందుకి నెట్టడం. మిషన్‌కి రెండూ ఒకటే అంకె. టైరుకి మాత్రం ఒకటి కాదు. నా కిట్‌తో వచ్చిన పై ఆర్మ్‌లు బాల్ జాయింట్‌ని ముందే వెనక్కి పెట్టి తయారుచేసినవి. దాంతో అంకె సులువుగా వచ్చేసింది, కింది ఆర్మ్ బోల్టుల జోలికి మొదటి షాపువాళ్ళు పోలేదు. టైరు వెనకే ఉండిపోయింది.

మేడమ్ మిషన్ తెర చూడకముందే వంగి చక్రానికీ మౌంట్‌కీ మధ్య సందు చూశారు. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది. కింది ఆర్మ్‌కి, తిప్పితే దాన్ని జరిపే క్యామ్ బోల్టులు వదులు చేసి, చక్రం కొద్దిగా ముందుకి వచ్చేలా తిప్పి, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) మళ్ళీ సరిచేశారు. క్యాస్టర్ మామూలు కంటే కొంచెం ఎక్కువే వచ్చింది. బండి పక్కకి లాగుతుందా అంటే, రెండు వైపులా సమానంగా ఉంటే లాగదు, స్టీరింగ్ కాస్త బరువుగా అనిపిస్తుంది, తిన్నటి రోడ్డు మీద ఇంకా నిలకడగా ఉంటుంది అన్నారు. నడిపి చూస్తే ఆవిడ చెప్పినట్టే ఉంది. బ్రేక్ నొక్కినా సుద్ద చెరగలేదు.

చక్రం ముందుకి జరిగాక ముందు వైపు లైనర్ మూల ఒకటి అంచుకి తగిలింది. దానికి కత్తి అక్కర్లేదని, హీట్ గన్‌తో మెత్తబరిచి లోపలికి నొక్కి చల్లారేదాకా పట్టుకుంటే చాలని వెల్డింగ్ పని చేసే అన్న చెప్పి, చేసి కూడా పెట్టాడు. వెల్డింగ్‌తో బతికే మనిషే "నీకు వెల్డింగ్ అక్కర్లేదు" అని చెప్పడం నాకు భలే నచ్చింది.

ఇక మిగిలింది స్పీడ్ బ్రేకర్ మీద వచ్చే చప్పుడు. పెద్దాయన స్వయంగా వచ్చారు. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి, ముందు స్ప్రింగ్ షాక్ సెట్టు విప్పేసి, కింది ఆర్మ్‌ని జాకీతో బంప్ స్టాప్ ఆనేదాకా మెల్లగా లేపారు. ఆ స్థితిలో స్టీరింగ్ తిప్పితే టైరు లైనర్‌ని ఎక్కడ తాకుతోందో కళ్ళెదురుగా కనిపించింది. కొంచెం పొడవైన బంప్ స్టాప్ రబ్బరు వేశాం. చక్రం పైకి వెళ్ళే దూరం ఆ మేరకు తగ్గుతుంది నిజమే, కానీ లిఫ్ట్ వల్ల నిలబడే ఎత్తు నుంచి బంప్ స్టాప్ దాకా దూరం ఎలాగూ పెరిగి ఉంది. అందులోంచి కొంచెం వదులుకున్నాను, రోజువారీ నడకలో తేడా తెలియడం లేదు. పనిలో పనిగా స్టీరింగ్ రెండు వైపులా తిప్పి బ్రేక్ గొట్టాలు లాగుకుంటున్నాయేమో కూడా ఆయన చూశారు. ఎంత అడిగినా డబ్బు తీసుకోలేదు. కనీసం ఈ నాలుగు మాటలైనా తీసుకోండి సార్.

పూర్తిగా ఏమీ మిగల్లేదని చెప్పను. ఒక చక్రం గట్టు మీదికి ఎక్కి, రెండోది కిందికి వేలాడుతూ, పైగా స్టీరింగ్ ఫుల్‌గా తిప్పి ఉంటే కుడి మడ్‌ఫ్లాప్ స్క్రూ దగ్గర చిన్నగా గీసుకుంటుంది. స్క్రూ తీసి ప్లాస్టిక్ క్లిప్పు పెట్టాను, ఇక దాన్ని పట్టించుకోను.

ఇంకో ఇద్దరు చెప్పిన చిన్న విషయాలు కూడా రాయాలి. స్పీడోమీటర్ గురించి ఒకరు హెచ్చరించారు: టైరు పెద్దదైంది కాబట్టి మునుపు మీటర్ చూపించే వేగానికి ఇప్పుడు అసలు వేగం సుమారు మూడున్నర శాతం ఎక్కువ. ముందు భాగం లేచింది కాబట్టి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంటాయి, దించుకోమని ఇంకొకరు చెప్పారు. గోడకి ఎదురుగా పెట్టి చూస్తే వెలుగు గీత నిజంగానే పైకి ఉంది, దించాను. వాళ్ళిద్దరికీ ధన్యవాదాలు, ఎదురొచ్చే బండ్లవాళ్ళ తరఫున కూడా.

పాత ఓనరు వేయించిన ఆ సున్నా ఆఫ్‌సెట్ వీల్స్ నాలుగూ ఖాళీగా ఉన్నాయి. తక్కువ సైజు టైర్లు వేసుకునేవాళ్ళకి సరిపోవచ్చు. కావలసినవాళ్ళు మీ బండి మోడల్, టైరు సైజు, మౌంట్ దగ్గర సందు కొలిచి చెప్పండి, సరిపోతాయనిపిస్తేనే ఇస్తాను.