ఆ మూడు నాణేల సంగతి

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మూడు నాణేల ఫోటోలు డ్యూటీ దిగాక తీరిగ్గా పెద్దవి చేసుకుని చూశాను. ఫోన్‌లో చెబితే సగంలోనే "సరే అమ్మా" అనేస్తావు, అందుకే రాస్తున్నా. మింట్ ఎర్రర్ నాణేలకి, అంటే నాణేలు ముద్రించే మింట్‌లోనే తప్పుగా తయారైనవాటికి, లక్షలిస్తానని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని ఎవడో ఫోన్ చేశాడన్నావు. వాడి సంగతి తర్వాత.

నాణెం తయారీలో ముఖ్యమైనవి మూడు పనులు. లోహపు రేకులోంచి ఒట్టి బిళ్లలు కోస్తారు. ఉక్కు అచ్చులు రెండు సిద్ధం చేస్తారు. వాటి మధ్య బిళ్లని పెట్టి ఒక్క దెబ్బ కొడతారు. మింట్ తప్పు ఏదైనా ఆ బిళ్లలోనో, అచ్చులోనో, దెబ్బలోనో పుట్టాలి. అక్కడ అది ఎలా జరిగి ఉంటుందో చెప్పలేకపోయావంటే, బయటికొచ్చాక పాడైనట్టే లెక్క.

నీ మొదటిది పాత తెల్ల ఐదు రూపాయల బిళ్ల. సింహాల మొహాలు లేవు, అచ్చు సరిగా పడలేదన్నావు. అది ఉత్త అరుగుదల. అరుగుదల ఎప్పుడూ ఎత్తుగా ఉన్నచోటే మొదలవుతుంది: సింహం ముక్కు, నుదురు, జూలు, నాణెం అంచు. పల్లంలో ఉన్న సన్నగీతలు చివరిదాకా మిగులుతాయి. నీ ఫోటోలో సరిగ్గా అలాగే ఉంది. అచ్చులోని గుంటల్లో గ్రీజు, మురికి పేరుకున్నా ముద్ర పడదు నిజమే, కానీ దాని తీరు వేరు. ఒక అక్షరం మాయమైనా పక్కనున్నది పదునుగా, కొత్తగా నిలబడి ఉంటుంది. అరుగుదలకి అలా ఒక్క అక్షరాన్ని ఏరుకోవడం తెలీదు.

రెండోది పది రూపాయలది, మధ్య బిళ్ల పక్కకి తిరిగింది. పసుపు చుట్టుని, లోపలి తెల్ల బిళ్లని కలిపి ఒకే దెబ్బతో ముద్రిస్తారు. మధ్యది అప్పుడే పక్కకి జరిగి ఉంటే ముద్ర రెండు లోహాల మీదా తెగకుండా సాగేది. నీ దాంట్లో బొమ్మ మధ్య బిళ్లతోపాటే తిరిగిపోయింది, అతుకు చుట్టూ నొక్కులు కూడా కనిపిస్తున్నాయి. ఎవరో ఊడగొట్టి మళ్లీ బిగించారు. అన్నట్టు, పది రూపాయల బిళ్ల మీద గీతలు పదా పదిహేనా, రూపాయి గుర్తు ఉందా లేదా అనేది కూడా ఎర్రర్ కాదు, డిజైన్ తేడా. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే చెప్పింది. అయినా కండక్టర్‌గా నేను బస్సులో చిల్లరగా ఇస్తే "ఇది నడవదమ్మా" అని వెనక్కిచ్చేవాళ్లే. నా గొంతు పోయేది అక్కడే.

మూడోది మాత్రం బాగుంది. పసుపు రంగు ఐదు రూపాయల మీద అంచు నుంచి సింహాల దాకా గీత. దాని మీద గోరు పెట్టి అడ్డంగా లాగు. గోరు లోపలికి దిగితే గీరుడు. మెట్టు ఎక్కినట్టు తగిలితే అచ్చు పగిలిందన్నమాట. మన గవ్వల చెక్క మీద గాటు పడితే గవ్వల మీద గీత ఉబ్బి వస్తుంది కదా, ఇదీ అంతే. ఫోటోలో ఉబ్బుగానే ఉంది. సంవత్సరం కింద నక్షత్రం ఉంది కాబట్టి మన హైదరాబాద్ మింట్‌దే. నిజమైన ఎర్రరే, కానీ లక్షలు పలికేది కాదు. ఆ అచ్చు మార్చేదాకా పడిన నాణేలన్నిటి మీదా ఇదే గీత ఉంటుంది.

సేకరించేవాళ్లు నిజంగా వెతికేది లఖీ. ముద్ర పడిన నాణెం బయటికి రాకుండా అచ్చుకి అతుక్కుంటుంది. తర్వాతి బిళ్ల మీద అచ్చుకి బదులు ఆ నాణెమే పడుతుంది. దాంతో ఒక వైపు మామూలుగా, రెండో వైపు అదే బొమ్మ తిరగబడి, లోపలికి దిగి ఉంటుంది. దీనికి నకిలీలు చాలా. రెండు నాణేలని వైస్‌లో, అంటే వర్క్‌షాపుల్లో వస్తువుల్ని బిగించే ఇనప పట్టులో పెట్టి నొక్కితే తిరగబడ్డ అక్షరాలు దిగుతాయి, కానీ వాటి కింద అసలు బొమ్మ నలిగిపోయి ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. లఖీలో కింద ఇంకే బొమ్మా ఉండదు.

అంచు ముక్క పోయినట్టున్న నాణెం దొరికితే దానికి సరిగ్గా ఎదురు అంచు చూడు. ముద్ర పడకముందు ఒట్టి బిళ్లగా ఉన్నప్పుడే తెగి ఉంటే సాధారణంగా అక్కడి అంచు కూడా పల్చబడి ఉంటుంది. తర్వాత కత్తిరించిందైతే ఎదురు అంచు నిక్షేపంలా ఉంటుంది.

ఇక ఆ ఫోన్ చేసినవాడు. పాత నోట్లు, నాణేల అమ్మకాలకి తన పేరు, లోగో వాడుకుని ఫీజులు, కమిషన్లు, పన్నులు అడిగేవాళ్లని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. కొనేవాడు మనకి డబ్బులివ్వాలి గానీ మన దగ్గర అడగడమేంటి? ఆ నంబర్ బ్లాక్ చెయ్.

పది రూపాయలది టీ కొట్లో తీసుకుంటే ఇచ్చెయ్. గీత పడిన ఐదు రూపాయలది మాత్రం మెరవాలని చింతపండుతో తోమకు, చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి ఉంచు, పండక్కి వచ్చేటప్పుడు తెస్తే భూతద్దంలో చూస్తాను. మెస్ డబ్బులు శనివారం వేస్తా.

అమ్మ