పండగ పూట ఈ చదువేమిటంటావా?

ఒరేయ్ శ్రీనూ,

మొన్న ఫోన్లో నవ్వుతూ అడిగావు చూడు, "పండగ పూట కూడా పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారేంట్రా ఆ యూదులు, తెల్లారితే పరీక్షలా?" అని. అప్పుడు తాతకి మందుల టైం అయిపోయి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు ఆయన పడుకున్నాడు, ఇల్లు సద్దుమణిగింది, తీరిగ్గా రాస్తున్నా. పెద్ద ఉత్తరం, ముందే చెప్తున్నా, టీ పెట్టుకుని కూర్చో.

నేను చూసుకునే ఈ తాత యెరూషలేములో బడి పంతులుగా చేసి రిటైరయ్యాడు. చూపు తగ్గింది, కాళ్లు సహకరించవు, నోరు మాత్రం బ్రహ్మాండం. ఈ కేర్‌గివర్ ఉద్యోగంలో నేను నేర్చుకున్న హీబ్రూ సగం వంటింటిది, మిగతా సగం ఆయనా ఆయన స్నేహితులూ తోరా మీద కొట్లాడుకుంటుంటే చెవినబడింది. తోరా అంటే అసలు మోషే అయిదు కాండాలు, మా చర్చిలో ధర్మశాస్త్రం అంటామే, అది. కానీ వీళ్లు 'తోరా చదువుతున్నాం' అన్నారంటే దాని మీద రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, వందల ఏళ్లు చేసిన చర్చలు, అంటే మిష్నా, తల్ముద్, అన్నీ అందులోకే వస్తాయి.

నువ్వు అడిగింది షావువోత్ గురించి కదా, తెలుగు బైబిల్లో వారాల పండుగ. పస్కా పండగ రెండో రోజు నుంచి రోజూ రాత్రి లెక్క పైకి చెప్పుకుంటూ 49 రోజులు లెక్కపెట్టి 50వ రోజు చేస్తారు. మా చర్చిలో చేసే పెంతెకొస్తు పండగకి మూలం ఇదే. నాకు విచిత్రంగా అనిపించింది ఏంటంటే, తోరాలో చూస్తే ఇది గోధుమ కోతల పండగ, తొలి పంట తీసుకెళ్లి దేవుడికి ఇచ్చే పండగ, అంతే. సీనాయి కొండ మీద దేవుడు మోషేకి ధర్మశాస్త్రం ఇచ్చిన రోజు ఇదేనని అందులో ఎక్కడా రాసి లేదు, ఆ ముడి తర్వాతివాళ్లు వేసింది. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయం కూల్చేశాక తొలి పంట పట్టుకెళ్లడానికి గుడి లేదు, చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయాక చాలామందికి పొలమూ లేదు, ఇక ఆ రెండో అర్థమే పండగకి ప్రాణమైంది. తల్ముద్‌లో ఒక మాట ఉంది: పాపపరిహారార్థ బలి నియమాలు కూర్చుని చదివినవాడు ఆ బలి అర్పించినట్టేనట. నీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉందిరా. మనకి చదువంటే పూజకి ముందో తర్వాతో ఉండేది. గుడి పోయినవాళ్లకి చదువే పూజైంది, పుస్తకం ఎక్కడ తెరిస్తే అక్కడే గుడి.

ఆ రాత్రి తాతని వీల్‌చెయిర్‌లో తోసుకుంటూ పక్క వీధి సమాజమందిరానికి, అంటే యూదుల ప్రార్థనాలయానికి, తీసుకెళ్లాను. నిశ్శబ్దంగా ధ్యానం చేస్తుంటారేమో, ఓ మూల కూర్చుని కునుకు తీద్దాం అనుకున్నా. చేపల మార్కెట్టేరా బాబూ! బల్లబల్లకీ ఇద్దరిద్దరు ఎదురెదురుగా, మధ్యలో పుస్తకం, వేళ్లు చూపించుకుంటూ అరుచుకుంటూ. ఓ మూల కాఫీ, చీజ్‌కేక్. ఆ పండగకి పాలతో చేసినవి తినడం ఆచారం. ఎందుకని అడిగితే నలుగురు నాలుగు కారణాలు చెప్పి దాని మీద కూడా కొట్లాడుకున్నారు. మన శివరాత్రి జాగారం గుర్తొచ్చింది కానీ, మనం నిద్ర ఆపుకోవడానికి సినిమాలు చూస్తాం, వీళ్లు ఒకరి మీద ఒకరు ప్రశ్నలు వేసుకుంటారు.

ఈ రాత్రి జాగరణకి ఒక కథ చెబుతారు. సీనాయి దగ్గర దేవుడు మాట్లాడబోయే రోజు పొద్దున ఇశ్రాయేలీయులు మొద్దునిద్ర పోయారట, మోషే వచ్చి లేపాల్సి వచ్చిందట, ఆ తప్పు దిద్దుకోవడానికి ఏటా ఆ రాత్రంతా మేలుకుంటున్నారట. వాళ్ల నిద్రకి నా నిద్ర బలైంది, చూశావా! ఈ ఆచారం గట్టిగా పాతుకుంది మాత్రం 16వ శతాబ్దంలో. యూదుల నియమావళిని క్రోడీకరించిన యోసెఫ్ కారో, ఆయన స్నేహితుడు ష్లోమో అల్కబెత్స్ అప్పట్లో తుర్కీ సుల్తానుల రాజ్యంలో ఉండేవాళ్లు. ఒక షావువోత్ రాత్రి మిష్నా చదువుతూ కూర్చుంటే కారో నోట్లోంచి ఆయనది కాని గొంతు పలికిందని, ఆ గొంతు తానే మిష్నానని చెప్పి, తనని దుమ్ములోంచి లేపారని వాళ్లని దీవించిందని అల్కబెత్స్ ఉత్తరం రాశాడు. తర్వాత ఇద్దరూ ఇక్కడికి ఉత్తరాన ఉన్న సఫేద్‌కి వచ్చేశారు, అక్కడి నుంచి ఈ అలవాటు లోకమంతా పాకింది. కాఫీ అలవాటు వ్యాపించడం కూడా ఈ రాత్రి చదువులకి బాగా కలిసొచ్చిందని చరిత్రకారులు అంటారు, అది నేను కళ్లు మూసుకుని నమ్ముతా.

ఇక ఆ అరుపుల సంగతి. ఒంటరిగా చదవడం వీళ్లకి పెద్దగా పడదు. జంటగా చదవాలి, ఆ జతగాణ్ణి 'హవ్‌రూతా' అంటారు. తాతకి అలాంటి ఒక ముసలి నేస్తం ఉన్నాడు, వచ్చిన ప్రతిసారీ ఇద్దరూ బల్ల గుద్దుకుంటారు, పోయేటప్పుడు కౌగిలించుకుంటారు. మొదట్లో నాకు టెన్షన్‌గా ఉండేది, తాతకి బీపీ పెరుగుతుందేమోనని. అప్పుడు ఆయన నాకు రబ్బీ యోహానాన్ కథ చెప్పాడు. ఆయన జతగాడు రేష్ లాకీష్, ఒకప్పుడు దోపిడీలు చేసినవాడట. అతను చనిపోయాక యోహానాన్ కుమిలిపోతుంటే మిగతా రబ్బీలు ఓదార్పుగా ఉంటుందని ఎలాజార్ అనే మంచి పండితుణ్ణి పంపారు. యోహానాన్ ఏం చెప్పినా అతను "మీ మాటకి ఫలానా చోట ఆధారం ఉంది" అని తలూపేవాడు. ఇక ఆయనకి ఒళ్లు మండిపోయింది. "నేను చెప్పింది సరైనదని నాకు తెలియదా? రేష్ లాకీష్ అయితే 24 అభ్యంతరాలు పెట్టేవాడు, నేను 24 జవాబులు చెప్పేవాణ్ణి, అలా విషయం విప్పారేది. నువ్వొచ్చి నాకు వంత పాడతావేంటి!" అన్నాడు. ఆ దిగులుతోనే పోయాడట. నువ్వు నా మాట ఒక్కటి కూడా ఒప్పుకోకుండా ఇన్నేళ్లు చేసిన వాదనలన్నీ గుర్తొచ్చాయిరా ఆ పూట.

సీనాయి దగ్గర ఒకసారి ఇచ్చేసినదాని మీద ఇంకా వాదనేంటని నేనూ అడిగాను. తాత దానికి ఇంకో తల్ముద్ కథ చెప్పాడు, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. మోషే కొండెక్కితే దేవుడు తోరా అక్షరాలకి చిన్న చిన్న కిరీటాలు పెడుతూ కూర్చున్నాడట. ఎందుకంటే, ఎన్నో తరాల తర్వాత అకీవా అనేవాడు పుడతాడు, వీటి ఒక్కో గీత మీదా గుట్టలకొద్దీ నియమాలు చెబుతాడు అన్నాడట. చూడాలనుందన్నాడు మోషే. వెళ్లి అకీవా పాఠంలో ఎనిమిది వరసల వెనక కూర్చుంటే ఒక్క ముక్కా అర్థం కాలేదు, నీరుగారిపోయాడు. ఇంతలో ఒక శిష్యుడు "అయ్యా, ఇది మీకెలా తెలుసు?" అని అడిగితే "సీనాయి దగ్గర మోషేకి ఇచ్చిందే" అన్నాడు అకీవా. అప్పటికి మోషే మనసు కుదుటపడిందట. అంటే కొండ మీద మొదలైంది ఇంకా అయిపోలేదు, ఆ రాత్రి ఆ బల్లల దగ్గర జరుగుతున్నది కూడా అందులో భాగమే అని వీళ్ల నమ్మకం. పండగ అంటే జరిగిపోయినదాన్ని తలుచుకోవడం అనుకుంటాం మనం. వీళ్లు పుస్తకం తెరిచి దాన్ని మళ్లీ జరిపిస్తారు. నాకు అర్థమైనంతవరకు అసలు సంగతి ఇదేరా.

అలాగని రోజంతా పుస్తకమే అనుకోకు, తిండి దగ్గర వీళ్లేం తక్కువ తినలేదు. పండగ రోజు ఎలా గడపాలన్నది తల్ముద్‌లోనే పెద్ద తగువు. రబ్బీ ఎలియెజెర్ ఏమో అయితే తింటూ తాగుతూ ఉండు, లేకపోతే కూర్చుని చదువు, రెండిట్లో ఒకటే అంటాడు. రబ్బీ యెహోషువా ఏమో సగం దేవుడికి, సగం నీకు అంటాడు. కానీ షావువోత్ రోజు మాత్రం తిండి తప్పనిసరి అని అందరూ ఒప్పుకున్నారట, ఎందుకంటే అది తోరా వచ్చిన రోజు! చదువు పండగకి ఉపవాసం పెడతారేమో అనుకుంటాం కదా, తిరగబడింది. రబ్బీ యోసెఫ్ అని ఒకాయన ఆ రోజు మంచి లేగదూడని కోసి వండమనేవాడట, "ఈ రోజే లేకపోతే బజారులో ఎంతమంది యోసెఫులు లేరు!" అంటూ. తాత పేరు అది కాకపోయినా ఆ మాట తన పేరు పెట్టి చెప్పుకుని చీజ్‌కేక్ రెండో ముక్క అడుగుతాడు. షుగర్ ఉంది, నేను ఇవ్వను.

పస్కా సంగతి నీకు కొంచెం తెలుసు, ఐగుప్తు, అంటే ఈజిప్టు, బానిసత్వం నుంచి బయటపడ్డ పండగ. అక్కడ చదువు భోజనాల బల్ల మీదకే వచ్చేస్తుంది. ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల లేచి "ఈ రాత్రి మిగతా రాత్రుల కన్నా ఎందుకు వేరు?" అని అడగాలి, పెద్దవాళ్లు జవాబు చెప్పాలి. పిల్లలు లేకపోతే భార్య అడగాలి. ఎవరూ లేకపోతే తనని తానే అడుక్కోవాలి! నియమాలన్నీ తెలిసిన పండితులు ఇద్దరే కూర్చున్నా ఒకరినొకరు అడగాల్సిందేనట. తెలిసినదాన్ని కూడా తెలియనట్టు అడగడం ఏంట్రా అనిపించింది నాకు మొదట. ఒకసారి ఆ ఇంట్లో కూర్చుని చూశాక తెలిసింది, తాత ఎనభై దాటినవాడు, ప్రతి ఏడాదీ అదే ప్రశ్న, ఈసారి జవాబు ఏదో కొత్తగా చెప్పాడని ఆయన కూతురే ఆశ్చర్యపోయింది. పస్కా ముందు రోజు ఇంటి పెద్ద కొడుకులు ఉపవాసం ఉండాలన్న ఆచారం కూడా ఉంది. కానీ ఎవరైనా తల్ముద్‌లో ఒక భాగం చదివి ముగించి విందు పెడితే అందులో కూర్చున్నవాళ్లకి ఆ ఉపవాసం మాఫీ. అందుకని సరిగ్గా ఆ పొద్దుటికే ఎవరో ఒకరు ఒక భాగం ముగిసేలా చూసుకుంటారు, మహా తెలివైనవాళ్లులే.

ఇంత చెప్పినా నీకు నమ్మకం కుదరకపోతే తిషా బె-ఆవ్ గురించి చెప్తా విను. ఆలయాలు రెండూ కూలిన రోజుగా ఏడ్చే దినం. ఆ రోజు తిండి లేదు, నీళ్లు లేవు, తోలు చెప్పులు వేసుకోరు, స్నానం లేదు, ఒకరినొకరు పలకరించుకోరు కూడా. వీటితో పాటు ఇంకో నిషేధం ఉంది: తోరా చదవకూడదు. కారణం 19వ కీర్తన, యెహోవా ఉపదేశములు "హృదయమును సంతోషపరచును" అని మనం ఎన్నిసార్లు చదివి ఉంటామో, ఆ మాటే. చదివితే సంతోషం కలుగుతుంది కాబట్టి ఆ రోజు వద్దు. యోబు, విలాపవాక్యాలు, యిర్మీయాలో దుఃఖంగా ఉన్న భాగాలు, ఇలాంటివి మాత్రం చదువుకోవచ్చు. ఆ రోజు తాత చేతులు ఊరికే బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే భోజనం లేనందుకు కాదు, పుస్తకం లేనందుకు విలవిల్లాడినట్టు అనిపించింది నాకు. మన బళ్లలో సెలవంటే ఎగిరి గంతేసేవాళ్లం, వీళ్లకి చదువు లేకపోవడం శోకం కింద లెక్క.

దానికి పూర్తిగా ఎదురు సింహత్ తోరా, పర్ణశాలల పండుగ చివర వస్తుంది. ఏడాది పొడవునా వారానికో భాగం చదువుతూ వచ్చి ఆ రోజు ద్వితీయోపదేశకాండం చివర, మోషే చనిపోయే చోట ముగిస్తారు. అయిపోయిందని ఊపిరి తీసుకోకుండా అదే పూట ఆదికాండం మొదటి మాట మళ్లీ ఎత్తుకుంటారు. తోరా చుట్టలు ఎత్తుకుని ఏడుసార్లు తిరుగుతూ పాటలు, గంతులు, పిల్లలకి మిఠాయిలు. ఆ రోజు ఎవరూ ఎక్కువ చదవరు, పుస్తకాన్ని మూసి పట్టుకుని నాట్యం చేస్తారు, అది నాకు భలే నచ్చింది, చదివినవాడూ చదవనివాడూ ఒకటే ఆ రోజు. 1663లో శామ్యూల్ పీప్స్ అనే ఇంగ్లీషాయన లండన్ సమాజమందిరానికి వెళ్లి, సరిగ్గా ఆ రోజే అని తెలియక, ఈ నవ్వులూ గోలా చూసి ఇదేం ఆరాధన అని డైరీలో చీవాట్లు పెట్టాడు. ఇక్కడ ఆ పండగ ఇప్పుడు మునుపటిలా లేదురా. 2023 అక్టోబర్ 7 దాడి జరిగింది ఆ పండగ రోజే. తర్వాతి ఏడాది నాట్యం చేయాలా వద్దా అని ఊరంతా వాదన.

అన్నీ మెచ్చుకుంటూ రాస్తున్నానని అనుకోకు, నాకు నచ్చనిదీ ఉంది. ఇంత గొప్ప సంతోషాన్ని వందల ఏళ్లపాటు ఆడవాళ్లకి దాదాపు అందనివ్వలేదు. 1917లో క్రాకోలో సారా షెనిరెర్ అనే కుట్టుపని చేసుకునే ఆమె ఆడపిల్లలకి బడి మొదలుపెడితేగానీ సంప్రదాయ కుటుంబాల్లో దారి తెరుచుకోలేదు. ఇప్పుడు యెరూషలేములో షావువోత్ రాత్రి ఆడవాళ్లు నిండిన చదువు గదులు చాలానే ఉన్నాయి, తాత మనవరాలు తాతనే ఓడిస్తుంది. చదువు పేరుతో సైన్యానికి వెళ్లని కుర్రాళ్ల గొడవ వేరే ఉంది, అది మొదలెడితే ఈ ఉత్తరం తెల్లారినా అవ్వదు, వదిలేద్దాం.

నీకో పని అప్పజెప్తా. మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి, వాళ్లకో సమాజమందిరం కూడా ఉంది. నీకు తెనాలి నుంచి బండి మీద ఎంతసేపు? ఈ సంగతి తాతకి చెప్తే ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. వాళ్లు పండగలకి ఏం చదువుతారో, తెలుగులో చదువుతారో హీబ్రూలోనో, ఒకరి మాటకి ఒకరు అడ్డు తగులుతారో లేక బుద్ధిగా తలూపుతారో కనుక్కుని రాయమన్నాడు. వాళ్లని ఇబ్బంది పెట్టకుండా, మర్యాదగా ముందు అడిగి వెళ్లు.

అలాగే మా అమ్మకి నేను పంపిన డబ్బు అందిందో లేదో ఓసారి ఇంటికెళ్లి చూడు, ఫోన్లో అడిగితే అందకపోయినా అందిందనే అంటుంది.

నీ
రాజు